పక్కింటావిడ పన్ను

క్లినిక్, కిటికీ పక్క స్టూలు మీంచి

పిన్నీ,

నీ కుర్చీ నన్నింకా ఒప్పుకోలేదు. నీకైతే పెడలు తొక్కగానే మెత్తగా దిగేది. నాకు మాత్రం మూలిగి, ఒక్క కుదుపు కుదిపి మరీ దిగుతోంది. పేషెంట్లు అంతకన్నా ఘోరం. గుమ్మంలోంచి తొంగిచూసి, "పెద్ద డాక్టరమ్మ లేరా?" అంటారు. ఆవిడ రిటైరయ్యారు, వాళ్ళ పెద్దక్క దగ్గర ఉండటానికి వెళ్ళిపోయారు, నేను వాళ్ళ చిన్నక్క కూతుర్ని, నేనూ డాక్టర్నే అని చెప్తే, "అలాగా, సరే, మళ్ళీ వస్తాంలెండి" అని చెప్పులేసుకుంటారు. నిన్న ఒక పెద్దాయనైతే ముందు నా పళ్ళు చూపించమన్నాడు. చూపించాను. ఏం చేస్తాను, బోణీ బేరం!

అసలు సంగతికొస్తా. ఎదురు షాపు టైలరమ్మ ఉంది కదా, మెడలో కత్తెర వేలాడుతున్నా దారం పంటితోనే తెంపే మనిషి. ఏళ్ళ తరబడి నువ్వు తిడుతూనే ఉన్నావు, ఆవిడ తెంపుతూనే ఉంది. ఇవాళ పొద్దున ఎవరిదో గుడారం గుడ్డ సంచీ కుడుతూ ఆ లావు దారాన్ని కూడా అలాగే కొరికిందట. ముందు పన్ను మూల టప్పున విరిగింది. విరిగిన ముక్కని గుండీల డబ్బాలో వేసుకుని రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది. నోరు తెరిపిస్తే విరిగిన చోట గులాబీ రంగు చుక్క, దాని మీద ఒక రక్తపు బొట్టు. పన్ను లోపలి గుజ్జు బయటపడిపోయింది.

"నరం పీకేస్తావా అమ్మాయ్?" అంది, కళ్ళల్లో నీళ్ళతో.

నేను పీకలేదు పిన్నీ.

కోప్పడేముందు పూర్తిగా చదువు. నిన్నటిదాకా గుండ్రాయిలా ఉన్న పన్ను. దెబ్బ తగిలిన వెంటనే వచ్చింది. రబ్బరు తెర కట్టి, ఉమ్మి తగలకుండా చేసి, పైపైన గుజ్జు కొంచెం తీసేసి, మందునీళ్ళలో ముంచిన దూది అద్దాను. కాసేపటికి రక్తం దానంతటదే ఆగింది. అలా ఆగిందంటే లోపలున్నది బతికే ఉంది, ఇంకా బతకాలనుకుంటోంది అని. అప్పుడు ఆ కొత్త సిమెంటు కలిపి పెట్టాను. ఇళ్ళు కట్టే సిమెంటుకి దూరపు చుట్టమే, కాకపోతే శుద్ధి చేసింది, పంటి రంగు చెడగొట్టనిది. తడి ఉంటేనే గట్టిపడుతుంది. నోట్లో తడికేం కరువు! దాని చాటున గుజ్జు తనంతట తనే కొత్త పంటిగోడ కట్టుకుంటుంది. పైన, ఆ గుండీల డబ్బాలో ముక్కనే అతికించేశాను.

టైలరమ్మ అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "అతుకు కనపడటం లేదే! నాకన్నా బాగా కుట్టావు" అంది. ఆ పూటంతా నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఈ మాట ఫోన్లో అరిచి చెప్దామనుకున్నా. నువ్వేమో ఫోన్లొద్దు, చేత్తో రాస్తే బుద్ధి కుదురుతుంది, ఉత్తరాలే రాయి అన్నావు. కుదిరిందో లేదో నువ్వే చెప్పాలి.

నీ పాలపన్ను

*

అక్క ఇంటి వరండా

ఏమే పాలపన్నూ,

కుదరలేదు.

నువ్వు పాలపళ్ళతో నా వేలు కొరికే రోజుల్లోనే నేను రోజుకి బోలెడంతమంది నోళ్ళు చూసేదాన్ని. వెనకాల నన్ను పట్టకారమ్మ అంటారని తెలుసు. అననీ. గుజ్జు బయటపడిందా, నరం తీసెయ్, దారి మూసెయ్, ఇంటికి పంపెయ్. అంతే. మధ్యలో ఈ బుజ్జగింపులేమిటి?

మేమూ బుజ్జగించాం తల్లీ. మా రోజుల్లో సున్నం మందు ఉండేది. పెడితే కింద గోడ కట్టేది, కాదనను. కానీ ఆ గోడకి చీమలు దూరేంత సందులు. పైనున్న సున్నం మెల్లమెల్లగా కరిగి జారిపోయేది. కొన్ని నిలబడ్డాయి. కొన్ని ఏళ్ళు గడిచాక దవడ వాపుతో నా గుమ్మంలోకే వచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం దేనికని, నేను ముందే నరం పట్టుకోవడం మొదలెట్టాను. టైలరమ్మ పన్ను చచ్చిందో, ఆవిడ నీ కుట్టు విప్పి నా దగ్గరికొచ్చి తిడుతుంది. బతికితే... బతికితే అప్పుడు చూద్దాం.

అది అలా ఉంచు. ఊరికే ఒక మాట అడుగుతున్నాను. ఈ సిమెంటు ముందు పళ్ళకేనా, దవడ పళ్ళకి కూడా పనికొస్తుందా? దెబ్బ తగిలి కాక, పుచ్చి లోతుగా పోయిన పన్నుకైతే? మనిషి వయసు నా అంత ఉంటే గుజ్జుకి ఇంకా గోడ కట్టే ఓపిక ఉంటుందా? నాకోసం కాదు. ఇక్కడ మా పక్కింటావిడ ఒకావిడ ఉంది. ఎడమవైపు కింద దవడ పన్ను, ఎప్పటిదో పాత ఫిల్లింగు, వెనకవైపు అంచు లేచి కింద నల్లబడింది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుందట, గుటక వేసేలోగా పోతుందట. పాపం, ఆ పక్క నమలడానికి ఆవిడకి మిగిలిన పెద్ద పన్ను అదొక్కటే. అది పోతే ఇక ఎడమవైపు ఖాళీ దుకాణమే.

అక్క రోజూ సాయంత్రం పల్లీలు వేయించి పళ్ళెం మధ్యలో పెడుతుంది. నేను మానేశాను. మెత్తగా ఉడికినవే తింటున్నా. వయసు కదా.

కుర్చీ పెడలు మడమతో కాదు, మునివేళ్ళతో తొక్కు. దానికి మర్యాద కావాలి.

పిన్ని

*

క్లినిక్, కిటికీ పక్క

పిన్నీ,

మునివేళ్ళతో తొక్కాను. పిల్లిలా దిగింది! ఇన్నాళ్ళూ నీ దగ్గర పని నేర్చుకున్నానే, ఈ ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా?

టైలరమ్మ కబురు. నెల తిరిగింది. మంచు చల్లదనం ఉన్న దూది ఆ పంటికి ఆనించాను. ఆవిడ ఎగిరి నా భుజం మీద ఒక్కటిచ్చింది. నేను "ఇంకా జివ్వుమంటోందా?" అంటే, "లేదు, పోయింది, నువ్వు అడిగేలోపే పోయింది" అంది. పిన్నీ, ఆ దెబ్బ నాకెంత తియ్యగా ఉందో! చచ్చిన పన్ను ఎవరినీ కొట్టించదు. జివ్వుమని వెంటనే పోయిందంటే లోపల ప్రాణం క్షేమం. ఆ సంతోషంలో ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని గంతులేశాం. బయట కూర్చున్న పేషెంటు భయపడి వెళ్ళిపోయాడు, అది వేరే సంగతి.

ఇక మీ పక్కింటావిడ. వయసు పెద్ద అడ్డు కాదు. పుచ్చు లోతైనా పరవాలేదు, కుళ్ళిందంతా శుభ్రంగా తీసి, గుజ్జు కనిపిస్తే అక్కడే ఆగి చూడాలి. రక్తం ఆగితే సిమెంటు పెట్టొచ్చు. కానీ ఒకటి ఆవిడకి గట్టిగా చెప్పు. చల్లదనానికి జివ్వుమని వెంటనే పోతున్నన్నాళ్ళే మన చేతిలో ఉంటుంది. ఆ నొప్పి తిష్ఠ వేయడం మొదలైతే, ఊరికే కూర్చున్నా పొడిస్తే, గుజ్జు చేజారిపోతున్నట్టు. ఆ తర్వాత నేను కాదు కదా, నా తాతలు దిగొచ్చినా కాపాడటం కష్టం. తొందరగా ఎవరికైనా చూపించుకోమను. ఎక్స్‌రే ఉంటే పంపించమను.

ఒక్కటే నాకర్థం కాలేదు. ఫిల్లింగు వెనకవైపు అంచు లేచి కింద నల్లబడిందని ఆవిడకెలా తెలిసింది? ఆ చోటు చూడాలంటే నోట్లోకి చిన్నద్దం పెట్టాలి. చాలా తెలివైన ఆవిడ అయ్యుంటుంది.

నీ పాలపన్ను

*

అక్క ఇంటి వరండా

ఏమే,

తెలివైనదే. చదువుకున్నావిడ. అద్దం నేనే పెట్టి చూశాను, ఏం, చూడకూడదా? ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం ఉండదా?

టైలరమ్మ నిన్ను కొట్టిన సంగతి అక్కకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి దగ్గొచ్చి నీళ్ళు తాగింది. నాకూ ఇచ్చింది. నేను గోరువెచ్చగా కాచుకుని తాగాను. నెల రోజులకే పండగ చేసుకోకు, పళ్ళు మహా నటులు. ఇంకా కొన్నాళ్ళు చూసి చెప్పు.

పక్కింటావిడ ఎక్స్‌రే ఇందులో పెట్టాను. ఇక్కడ బజారులో ఒక కుర్ర డెంటిస్టు ఉన్నాడు, తీసిచ్చాడు. "అమ్మా, పంటి వేళ్ళు బాగా వంకరగా ఉన్నాయి, రూట్ కెనాల్ చేసినా దారి దొరకడం కష్టం, తీసేస్తే సుఖం" అన్నాడట. మాట చూడు, పళ్ళు తీసేస్తే సుఖమట! ఏం మాటలు అవి, కొంచెమైనా కనికరం ఉండక్కర్లా? ఆవిడ కోపంగా లేచొచ్చేసింది. ఫిల్ము మూల కొంచెం కత్తిరించాను, ఏమనుకోకు, కవర్లో పట్టలేదు.

ఆవిడ అంటుంది కదా, ఈమధ్య జివ్వుమన్నది గుటకతో పోవడం లేదట. లోటా కింద పెట్టి, చెంప పట్టుకుని, కాసేపు కిటికీలోంచి చూస్తే గానీ పోవడం లేదట. అయినా ఇంకా విలవిల్లాడేంత నొప్పి కాదట. పంటి బిగువున ఓర్చుకుంటోంది. ఓర్చుకోవడానికి ఆ పన్నే కదా ఉంది పాపం.

ఆవిడ చేత్తో ఏదో తాత్కాలికంగా లవంగనూనె మందు పూసుకుంది కూడా. దానికీ తగ్గలేదట. విచిత్రం.

పిన్ని

(అమ్మలూ, మీ పిన్ని కవరు అంటించడానికి బంక కోసం లోపలికెళ్ళింది, గబగబా రాస్తున్నా. పక్కింట్లో ఎవరూ లేరు. మూడు వర్షాకాలాల నుంచీ తాళం వేసి ఉంది. పెద్దమ్మ)

*

క్లినిక్, నీ బల్ల దగ్గర

పక్కింటావిడగారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు. మీ పక్కింట్లో ఉంటున్న డాక్టరమ్మగారు నాకు పిన్ని అవుతుంది. మీ గురించి ఆవిడ ఎంతో ప్రేమగా రాస్తూ ఉంటుంది.

మీ ఎక్స్‌రే అందింది. దీపం ముందు పెట్టి చూస్తే రెండు వేళ్ళూ కొక్కేల్లా వంగి కనిపించాయి. ఇలాంటి కొక్కేలు ఎక్కడో చూశానే అనుకున్నా. నేను చదువుకునే రోజుల్లో ఎక్స్‌రే తీయడం చేతకాక ఏడుస్తుంటే, మా పిన్ని తనే కుర్చీలో కూర్చుని నోరు తెరిచి, "నా పళ్ళు తీసి నేర్చుకోవే" అంది. ఆ ఫిల్ము ఇప్పటికీ ఈ గది గోడకే ఉంది. తీసి మీ దాని పక్కన పెట్టాను. అవే కొక్కేలు, అదే ఫిల్లింగు. ఏం చిత్రమండీ, మీకూ మా పిన్నికీ ఒకే పన్ను! మీరిద్దరూ ఏ జన్మలోనో కవలలై ఉంటారు.

ఇప్పుడు నవ్వు పక్కనపెట్టి చెప్తున్నాను, వినండి. లోటా కింద పెట్టి కిటికీలోంచి చూడాల్సి వస్తోందంటే ఇక వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడానికి లేదు. ఆ కొక్కేల వల్ల రూట్ కెనాల్ కుదురుతుందన్న భరోసా లేదు. గుజ్జు పోతే పన్ను కూడా పోయినట్టే. పన్ను పోతే ఎడమవైపు ఖాళీ. అంటే ఇంక పల్లీలు ఉండవు. సాయంత్రాలు వరండాలో మా పెద్దమ్మ ఒక్కతే నములుతుంటే మీరు పక్కింట్లోంచి ఆ చప్పుడు వింటూ కూర్చోవాలి. నాకది ఊహించుకుంటేనే ఏడుపొస్తోంది.

ఇంకోటి. ఫోన్లు వద్దు, ఉత్తరాలే రాయమన్న సలహా మా పిన్నికి మీరే ఇచ్చి ఉంటారు. బుద్ధి కుదరడానికని నమ్మాను, పిచ్చిదాన్ని! ఫోన్లో అయితే పన్నుకి నాలుక అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళని నేను రెండు మాటల్లో పట్టేస్తానని మీకు బాగా తెలుసు.

దయచేసి మా పిన్నిని ఒప్పించి, మీరే తనని వెంటబెట్టుకుని రండి. భయపడుతుందేమో, అడగండి. భయమైతే తప్పులేదని చెప్పండి. నేను చూసిన డాక్టర్లందరిలోకీ ధైర్యవంతురాలు ఆవిడే. ఆ ధైర్యమంతా కుర్చీ పక్కన నిలబడ్డప్పుడే, వైద్యానికి కుర్చీలో పడుకుని ఎన్నేళ్ళయిందో.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవద్దని కూడా చెప్పండి. తడుముకుంటే పన్ను పోటు ఎక్కువవుతుంది.

మీ విధేయురాలు,
ఎదురుచూస్తున్న డెంటిస్టు

*

అక్క ఇంటి వంటగది

పాలపన్నూ,

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఆ గింజకి ఎన్నేళ్ళొచ్చినా నానదు. నా ఉత్తరం కింద నీకు కొసరు రాసిన సంగతి తనే ఒప్పేసుకుంది. ఇవాళ పల్లీల పళ్ళెం దాచేశాను. అదే శిక్ష.

సరే. భయం. రాసేశాను చూడు, రెండక్షరాలే కదా, ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా కూర్చుంది. ఆ ఫిల్లింగు నేను కాలేజీలో ఉండగా మా మాస్టారు వేసింది. ఆ తర్వాత ఒక్కరి ముందూ నోరు తెరవలేదు, నీ ఎక్స్‌రే పాఠానికి తప్ప. సూది ఎక్కడ గుచ్చుతారో, ఏ క్షణాన ఏ శబ్దమొస్తుందో, అన్నీ తెలుసు. తెలియని పేషెంటు హాయిగా కళ్ళు మూసుకుంటాడే, నాకా అదృష్టం లేదు. అన్నీ తెలిసి పడుకోవడమంటే ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలిసింది.

టైలరమ్మ పన్ను కోసం ప్రతి ఉత్తరానికీ కాచుకుని కూర్చున్నాను. ఆవిడది బతికితే నాదీ బతుకుతుందని పందెం వేసుకున్నాను, నాతో నేనే. నీ పని మీద నమ్మకం లేక కాదే. ఉంది. మరీ ఎక్కువ ఉంది, అది ఓడిపోతే తట్టుకోలేనని భయం.

మొన్న రొట్టె ముక్క కొరికితే కళ్ళల్లో నక్షత్రాలు కనిపించాయి. అక్క అది చూసి, "ఇంక నీ పక్కింటావిడని అటకెక్కించు, పద, బస్సెక్కుదాం" అంది. సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాం. పేషెంట్లెవరూ లేకుండా చూడు. పెద్ద డాక్టరమ్మ అరిచిందని ఊరంతా పాకితే నీ వ్యాపారం సాగదు, నా పరువు ఉండదు.

మందు తక్కువ వేయకు. నాకు ఎక్కువ పడుతుంది.

పిన్ని

*

క్లినిక్, మీరు బస్సెక్కిన మర్నాడు

పిన్నీ,

క్షేమంగా చేరారా? చెంప తిమ్మిరి దిగేలోపు పెదవి కొరుక్కున్నావా? కొరుక్కోవద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, నువ్వే లక్షమందికి చెప్పిన మాట!

ముందు నవ్వు సంగతి. నువ్వు లవంగనూనె మందు పూశావు చూడు, ఎంత నున్నగా, ఎంత నీటుగా, మచ్చుకైనా గరుకు లేకుండా. నీ చేతి పనే అది, ఎవరూ కాదనలేరు. కాకపోతే ఫిల్లింగు ఉన్న పన్నుకి కాదు, దాని ముందున్న చిన్న పన్నుకి పూశావు. నున్నటి, ఆరోగ్యమైన పన్నుకి. గోడ అద్దంలో చూస్తూ నోట్లో చిన్నద్దం పెట్టుకుంటే వెనకది ముందుకీ ముందుది వెనక్కీ వచ్చి నీ వేలు పక్కింటికి పోయింది. "దానికీ తగ్గలేదట, విచిత్రం" అని రాశావు. ఎలా తగ్గుతుంది, నొప్పి ఒకరిదీ మందు ఇంకొకరిదీ అయితే! పెద్దమ్మ అప్పుడు కుర్చీ పక్కన ఎందుకంతలా నవ్విందో నువ్వు అడిగావు కదా, అందుకు. నీ నోట్లో నా చేతులున్నాయి, రబ్బరు తెర ఉంది. నువ్వు ఏమీ అనలేని ఆ ఒక్క అవకాశాన్నీ మేం వదులుకోలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి. అప్పుడు నీకు చెప్పలేదు.

పుచ్చు తీస్తూ పోతే అడుగున గుజ్జు కనిపించింది. రక్తం వచ్చింది. దూది అద్దాను. తీశాను. మళ్ళీ వచ్చింది. ఇంకో దూది. అదీ ఎర్రగా తడిసింది. టైలరమ్మకి ఒకే దూదితో ఆగిపోయింది పిన్నీ. నీకు ఆగలేదు. ట్రేలో నరం తీసే సన్నటి సూదులు పెట్టుకునే ఉన్నా, జాగ్రత్త కోసం. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్నాక ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. పెద్దమ్మ నా మొహం చూసి నవ్వడం ఆపేసింది. మా పిన్ని పల్లీలు ఇంకెప్పుడూ తినదేమో అనిపించింది.

అప్పుడు నీ మాటే గుర్తొచ్చింది. "పైన చెడితే కింద కూడా చెడిందని రాసి లేదు, ఇంకో మెట్టు దిగి చూడు" అనేదానివి, పుచ్చు గురించి. సూది పక్కన పెట్టి, వాచిన పైపొర ఇంకొంచెం తీశాను. మెట్టు దిగాను. దూది పెట్టాను. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది, నేనూ మూసుకున్నాను, డాక్టరు చేయకూడని పని. దూది తీస్తే గులాబీ రంగు, పొడిగా. రక్తం లేదు. ఆగింది పిన్నీ, ఆగింది!

సిమెంటు తడి ఇసుకలా కలిపి, పెట్టి, అదిమి, పైన గట్టి కప్పు వేశాను. ఇక నా చేతిలో ఏం లేదు. గోడ కట్టాల్సింది నీ గుజ్జే. దానికి నీ మొండితనం ఉంటే చాలు.

ఎడమవైపు గట్టివి నమలకు. ఏం జరిగినా ఉన్నదున్నట్టు రాయి. పక్కింటావిడ పేరెత్తితే ఊరుకోను.

నీ పాలపన్ను

*

అక్క ఇంటి వరండా

బంగారం,

నాకు తెలుసే.

నువ్వు పని చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తావు. నువ్వు గమనించవు గానీ చిన్నప్పటి నుంచీ అంతే, బొమ్మకి బట్ట కట్టినా రాగమే. కళ్ళు మూసుకుని ఆ రాగం పట్టుకునే పడుకున్నాను కుర్చీలో. మధ్యలో ఆగిపోయింది. చప్పున ఆగిపోయింది. అప్పుడే అర్థమైంది, రక్తం ఆగడం లేదని. నువ్వు సూది తీసుకుని ఉంటావని కూడా అనుకున్నాను. నీ చెయ్యి పట్టుకుని, పరవాలేదే, తీసెయ్, నువ్వేం చేసినా నాకిష్టమే అని చెప్దామనిపించింది. నోట్లో తెర. వేలు లేపాను, నువ్వు చూడలేదు.

తర్వాత మళ్ళీ రాగం మొదలైంది. మొదట వణుకుతూ, తర్వాత మామూలుగా. అప్పుడు నా కంటి మూలల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పి అనుకుని నువ్వు ఇంకో సూది మందు ఇచ్చావు. అక్కర్లేని మందది, అయినా తీసుకున్నాను.

అక్కడ పడుకుని ఒకటి తెలుసుకున్నాను. నా దగ్గర నువ్వు పని నేర్చుకున్నావని అందరూ అంటారు. నేర్చుకున్నావు. కానీ ఆ రెండో మెట్టు ఉందే, అక్కడ నేనైతే ఆగేదాన్ని కాదు. సూది దించేసేదాన్ని. నువ్వు ఆగి చూశావు. నా మాటని నాకన్నా బాగా పాటించావే. ఇంక టైలరమ్మ గురించీ, దవడ వాపుల గురించీ నేను ఒక్క మాట అనను. అంటే నా ఎడమ చెంప మీద కొట్టు.

పక్క పన్నుకి మందు పూసిన సంగతి అక్క అప్పుడే పాలవాడికి కూడా చెప్పింది. ఊళ్ళో నా పరువు పల్లీ పొట్టులా ఎగిరిపోయింది.

పన్ను కుదురుగా ఉంది. పోటు లేదు. చల్లనీళ్ళు మాత్రం ఇంకా తాగలేదు. ధైర్యం చాలడం లేదు. జివ్వుమంటే భయం, అసలేమీ అనకపోతే అంతకన్నా భయం.

పిన్ని

*

క్లినిక్, ముందు గది. బయట జనం!

పిన్నీ,

కొన్ని నెలలు ఆగి తీయించిన నీ కొత్త ఎక్స్‌రే ఇప్పుడే వచ్చింది. ఈసారి పేరున్న మూల కత్తిరించకుండా పంపావు, సంతోషం. ఆ బజారు కుర్ర డెంటిస్టుని నేను మెచ్చుకున్నానని చెప్పు, చక్కగా తీశాడు.

దీపం ముందు పెట్టాను. సిమెంటు తెల్లగా కనిపిస్తోంది. కొక్కేల చివర్లు శుభ్రంగా ఉన్నాయి, నలుపు మచ్చ లేదు. సిమెంటు కిందా గుజ్జు పైనా, ఈ రెండింటి మధ్యలో, పోయినసారి లేనిది ఒకటుంది. సన్నటి తెల్లగీత. భూతద్దం పెట్టి చూశాను. బయట కూర్చున్న పెద్దాయనని కూడా పిలిచి చూపించాను, అదే, నా పళ్ళు చూపించమన్న ఆయనే. "గీతేనమ్మా" అన్నాడు.

గోడ పిన్నీ! నీ పన్ను గోడ కట్టుకుంది. ఈ వయసులో, ఎవరూ చెప్పకుండా, చీకట్లో కూర్చుని దానంతటదే కట్టుకుంది.

టైలరమ్మ పరుగెత్తుకొచ్చి ఫిల్ము చూసి, "నీకు నా తోడు, నాకు నీ తోడు అని చెప్పమ్మా మీ పిన్నికి" అంది. ఆవిడ పన్ను కూడా దివ్యంగా ఉంది. ఇప్పుడు దారం కత్తెరతోనే తెంపుతోంది. మర్చిపోయి నోటిదాకా తీసుకెళ్ళినప్పుడల్లా షాపులోంచి మన కిటికీ వైపు దొంగచూపు చూస్తుంది. నేను వేలు చూపిస్తాను. ఇద్దరం నవ్వుకుంటాం. నీకోసం గళ్ళ గుడ్డతో పల్లీల సంచీ కుట్టి పంపింది, పార్సిల్లో ఉంది.

ఇంక చల్లనీళ్ళు తాగు. ఇవాళే. తాగి ఏమైందో వెంటనే రాయి. జివ్వుమనాలి, జివ్వుమని వెంటనే పోవాలి. నీ కుర్చీ నా మాట పూర్తిగా వింటోంది, ఇక నీ పన్ను ఏం చెప్తుందో వినాలి.

నీ పాలపన్ను

*

అక్క ఇంటి వరండా, సాయంత్రం

నా పాలపన్నూ,

అక్క మంచుముక్కలు వేసి మరీ తెచ్చింది. లోటా పట్టుకుని కూర్చున్నాను, చల్లారిపోయేలా ఉంది అని అక్క గదిమింది. చల్లనీళ్ళు చల్లారడమేమిటి అన్నాను. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఎడమవైపుకి ఒక గుక్క పోనిచ్చాను.

జివ్వుమంది.

అబ్బ! ఎంత చక్కగా అంది! చెవిదాకా పాకింది. నేను చెంప పట్టుకోబోయేలోపే పోయింది. గుటక వేసేసరికి లేదు. మళ్ళీ తాగాను. మళ్ళీ జివ్వు, మళ్ళీ మాయం. లోటాడు తాగేశాను, ప్రతి గుక్కకీ కేక వేస్తూ. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ. నా పన్ను నాతో మాట్లాడుతోంది, మీకేం అన్నాను.

ఇన్నేళ్ళు జనానికి ఆ జివ్వుమనేది లేకుండా చేయడమే నా పని అనుకున్నాను. అది ఉండటం ఇంత బాగుంటుందని ఎవరనుకున్నారు?

ఇప్పుడొక సంగతి చెప్తాను, నువ్వు నమ్మవు. మొన్న పక్కింటి తాళం తీశారు. ఒక కుటుంబం దిగింది. ఆ ఇంటావిడ నా వయసే, నిమ్మళంగా మాట్లాడే మనిషి. పొద్దున పరిచయం చేసుకోవడానికొస్తే కాఫీ ఇచ్చాను. వేడిది కుడివైపే తాగింది. కనిపెట్టేశాను. నోరు తెరవమన్నాను. కింద దవడ పన్ను, పుచ్చు లోతుగా ఉంది. జివ్వుమంటుందట, గుటకతో పోతుందట. ఇంకా టైముంది. కుర్చీ అంటే ఆవిడకి ప్రాణం మీదకొచ్చినంత భయమట. తెలియకేం, నాకు బాగా తెలుసు అన్నాను.

సోమవారం బస్సుకి తీసుకొస్తున్నాను. నేను పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంటాను. నువ్వు మాత్రం కూనిరాగం ఆపకు. ఆగితే ఇద్దరం వణికిపోతాం.

నిజంగా పక్కింటావిడేనే. ఒట్టు. అక్కని సాక్షి సంతకం పెట్టమంటున్నాను.

పిన్ని

(అమ్మలూ, ఈసారి నిజమే, పక్కింటావిడ ఉంది, నేనూ చూశాను. మీ పిన్ని నోటికి మాత్రం ఏదో ఒకటి చెయ్యి తల్లీ. పళ్ళెం ముందు పెట్టుకుని పల్లీలన్నీ ఎడమవైపే నములుతోంది, నాకు ఒక్క గింజ మిగల్చడం లేదు. పెద్దమ్మ)